తాపీపనికి మర్యాద యేది?

"మన మేస్త్రీలకు పని రాదు." హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలో ఇండ్లు కట్టించు గుత్తదారుల నోట నేడు అనుదినమును వినవచ్చు మాట యిది. ఇల్లు కట్టి రెండు వర్షాకాలములైన గడవకమునుపే గోడలు నెఱ్ఱెలువాఱును. మూలలయందు పూత పొంగి పెచ్చులూడును. వేలకు వేలు పోసి వేయించిన రంగు బుడగలెక్కి రాలిపోవును. ఇంటియజమాని వచ్చి నిలదీసినచో, గుత్తదారుడు తన చేతులు కడిగికొని మేస్త్రీవైపు వేలు చూపును. అంతటితో నూరకుండక, విదేశములలో నిట్టి పని యుండదని యొక వ్యాఖ్యానము చేర్చును. ఈ మాటలో సగము నిజము, సగము అపనింద. విదేశములలో పూతపని వేఱువిధముగ జరుగుచున్న దనుట నిజము. అచట నెందుచేత వేఱుగ నున్నదో యొక్క నిమిషమైనను విచారింపక, నోరులేని పనివానిపై నేరము మోపుట అపనింద. ఆ విచారణను నేడు మేము చేయదలచితిమి.

గోడకు పూయు పదార్థమునుబట్టియే భేదమంతయు నున్నదని పలువురి యభిప్రాయము. అది పైపై చూపు. ఏ దేశమువారైనను మొదట తమ కాళ్లక్రింద దొరకినదానినే గోడకు మెత్తిరి. పారిసు నగరమున మోమార్త్రు గుట్టలో జిప్సము సమృద్ధిగా దొరకుటచేత ఆ నగరపు పేరే ఆ పొడికి బిరుదై ప్రపంచమంతట వ్యాపించినది. 1666లో లండను నగరము దగ్ధమైన మరుసటి సంవత్సరముననే, పారిసులోని కొయ్యయిండ్లకు లోపల వెలుపల జిప్సముపూత పూయవలసినదని పదునాలుగవ లూయీ ప్రభువు శాసించెను. అగ్నిభయమే ఆ నగరపు గోడలను తెల్లజేసినది. మొరాకోలో మరాకేషు ప్రాంతపు సున్నమును గోడకు పట్టించి, నునుపురాతితో రుద్ది, నల్లసబ్బుతో మెఱుగుపెట్టి, స్నానశాలలకు నీరంటని గోడలు చేసికొనిరి. మన కోస్తాజిల్లాలలో గుల్లసున్నము, లోనాడులలో రాతిసున్నము. ఇవన్నియు భూమి యిచ్చిన భేదములు. వీనినిబట్టి ఒక దేశము గొప్పదనియు వేఱొకటి తక్కువదనియు నెంచుట వెఱ్ఱితనము.

ఒకే భాష మాటలాడు, ఒకే పదార్థము వాడు రెండు దేశములలో పద్ధతి యెంత భిన్నముగ నున్నదో చూచినచో, పదార్థమే సర్వమను భ్రమ వదలిపోవును. నేటి యింగ్లండులో గదిగోడకు కాగితపు తొడుగుగల జిప్సముపలకను బిగించి, ఆ పలకనంతటిని రెండు మూడు మిల్లీమీటర్ల సన్నని జిప్సముపూతతో కప్పుదురు. ఆ పూత గంట గంటన్నరలో గట్టిపడును. అంతలో పనివాడు అదను కనిపెట్టి, మరల మరల తాపీ నడిపి గోడను అద్దమువలె తేల్పవలెను. ఒక్క నిమిషము ముందైన గీతలు పడును, ఒక్క నిమిషము వెనుకైన తాపీ కదలదు. అమెరికాలోనో, అదే పలకను బిగించి, అతుకులమీద మాత్రము కాగితపుపట్టీ యతికించి, లప్పమువంటి ముద్దను రెండుమూడు మార్లు పూసి, గరుకుకాగితముతో రుద్ది, రంగు వేయుదురు. ఆగస్టీన్ సాకెట్టు 1894లో ఆ దేశమున హక్కుపత్రము పొందిన పలక యది. రెండవ ప్రపంచయుద్ధకాలమున పనివారు కఱవై, యుద్ధానంతరము ఇండ్లు లక్షలకొలది కావలసివచ్చుటతో దేశమంతట నిండిపోయెను. ఇంగ్లండు పనివాడు అమెరికా గోడను చూచి, ఇది పూతపనియే కాదనును. అమెరికావాడు, నునుపైన పలకపై మరల పూత యెందుకని నవ్వును.

వారి తగవు వారు తీర్చుకొందురు గాక. మేము గ్రహింపవలసిన దొకటి కలదు. అమెరికాలో గోడ ముగింపునకు సున్న మొదలు అయిదువరకు తరగతు లేర్పరచి, ఏ తరగతికి ఎన్ని పూతలో, ఏ వెలుతురున ఏ లోపము కనబడరాదో వ్రాసిపెట్టిరి. కొనువాడు ఏమి కొనుచున్నాడో కాగితముమీద నున్నది, చేయువాడు ఏమి చేయవలెనో కాగితముమీద నున్నది. మన గుత్తపత్రములలో "గోడలు నునుపుగా చేసి యిచ్చువాడను" అను నొక్క వాక్యము చూడగలిగిన అదే పదివేలు! నునుపన నెంత, మందమన నెంత, ఇసుక యేది, తడుపుట యెన్నిదినములు? ఇవేవియు లేని పత్రమున తగాదా వచ్చినప్పుడు బలవంతునిదే తీర్పు. బలవంతుడు మేస్త్రీ కాడని వేఱుగ చెప్పవలెనా?

మన దేశమునకు సిమెంటు వచ్చిన కథయు ఇట్టిదే. ఇంగ్లండులో లీడ్సు పట్టణపు తాపీపనివాడు జోసెఫు ఆస్పిడిను 1824లో పోర్టులాండు సిమెంటునకు హక్కుపత్రము పొందెను. 1904లో మద్రాసునందును, 1914లో పోరుబందరునందును మన దేశమున దాని తయారీ కుద్యమించిరి. అది బలమైన పదార్థమనుటలో సందేహము లేదు. అది లేక నేటి కట్టడములు నిలువవు. కాని ఆ బస్తాతోపాటు రావలసినవి కొన్ని కలవు. కొలిచి కలుపుట, ఇసుకను జల్లించుట, గట్టిపడ నారంభించిన మాలును పారవేయుట, పూత ఆరిన పిమ్మట వారము దినములు తక్కువకాకుండ తడుపుట. మన ప్రభుత్వ నిర్మాణశాఖల నిబంధనలలోను ఇవి వ్రాయబడియే యున్నవి. ఆచరణమో? ఒక బస్తాకు ఎన్ని తట్టల ఇసుకయని చేతిలెక్క. మట్టిపొడి నిండిన రోబో ఇసుక. మధ్యాహ్నభోజనమునకు ముందు కలిపిన మాలులో భోజనానంతరము మరల నీరుపోసి త్రిప్పుట. త్వరగా తేలవలెనని పచ్చిపూతపై పొడిసిమెంటు చల్లుట. గోడ పగులక యేమి చేయును? మేస్త్రీకి ఈ తప్పులు తెలియవని తలంపకుడు. చదరపు అడుగునకు ఇంతయని గుత్త మాటలాడి, నీటిట్యాంకరునకు డబ్బు పెట్టక, నాలుగవనాడే రంగువానిని గోడమీదికి తోలిన దెవరు?

బస్తాతో రాకపోవుట యటుండగా, మన కున్న విద్య పోయినది. చార్మినారు 1591లో సున్నముతో గట్టబడినది. గోలకొండయొద్ద కుతుబుషాహీ గోరీలపైని గచ్చుపని, ఆ తామరరేకులు, ఆ లతలు చూచిన వారెల్లరు నెఱుగుదురు. సంతోషనగరు దగ్గఱ పైగా గోరీలలోని గచ్చుజాలీలను చూచి రాతిపనియని భ్రమపడినవారు పెక్కుమంది. సున్నమును నెలలకొలది నీటిలో నానవేసి, గానుగ పట్టించి, బెల్లపునీరు, కరక్కాయకషాయము, గ్రుడ్డుసొన కలిపి, పొరమీద పొరగా పూయు విద్య యది. ఆ సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లమెల్లగా మరల రాయగును. గోడలోని చెమ్మను బయటికి పోనిచ్చును. అట్టి పాతగోడమీద బిఱుసైన సిమెంటు పూసినచో, చెమ్మ లోపల బందీయై, ఉప్పులు పేరుకొని, పూతయు దానివెనుకనున్న రాయియు కూడ చెడును. ఇరువదవ శతాబ్దమున గోలకొండ గోరీలకు మరమ్మతను పేర సిమెంటు పూసిరి. 2013 నుండి ఆగాఖాను సంస్థవారు ప్రభుత్వముతో గూడి ఆ సిమెంటును చెక్కించి, మరల సున్నము పూయించిరి. మొదట పూయుటకు డబ్బు. పిమ్మట చెక్కుటకు డబ్బు. మరల మొదటిదే పూయుటకు డబ్బు. సిమెంటు పుట్టిన యింగ్లండులోనే, విలియం మోరిసు 1877లో స్థాపించిన ప్రాచీన కట్టడముల రక్షణసంఘము, పాతయిండ్లకు సిమెంటు పూయవద్దు, సున్నమే పూయుడని నేటికిని బోధించుచున్నది. వారి బస్తాను తెచ్చికొన్న మనము వారి పశ్చాత్తాపమును మాత్రము తెచ్చికొనలేదు.

ఇక జర్మనీ సంగతి విస్తరించి చెప్పవలసియున్నది. ఏలన, "యంత్రములు తెప్పించిన చాలు, పనివాని బెడద వదలును" అను మన నవీనులకు ఆ దేశమే యాదర్శము. అచట జిప్సమును యంత్రముతో కలిపి, గొట్టముద్వారా గోడపై చల్లి, పొడవైన బద్దతో లాగి సమము చేయుదురు, నిజము. కాని ఆ గొట్టము పట్టుకొన్నవా డెవడు? మూడేండ్లు శిష్యుడుగా నుండి, కొంతకాలము పనిలోను కొంతకాలము వృత్తిపాఠశాలలోను గడిపి, పరీక్ష నిచ్చినవాడు. అచట పూతపని యిటుకపనికి తోక కాదు; దానికి వేఱుపేరు, వేఱుశిక్షణము, వేఱుపట్టము. సొంతముగ ఆ వృత్తిశాల నడుపుటకు సామాన్యముగ మఱియొక పెద్దపరీక్ష నిచ్చి "మైస్టరు" కావలెను. నేర్పుట యెట్లో, లెక్కలు వ్రాయుట యెట్లో కూడ ఆ పరీక్షలో భాగము. 2004లో ఆ దేశప్రభుత్వము, స్వేచ్ఛావ్యాపారమను మంత్రమును జపించి, 53 వృత్తులకు ఈ నిర్బంధమును తీసివేసెను. పూతపనివారి నిర్బంధమును తీయలేదు. తీసివేసిన వృత్తులలో గోడకును నేలకును పలకలు పఱచు పని యొకటి. ఫలిత మేమి? 2020లో ఆ పలకలపనితో సహా 12 వృత్తులకు మైస్టరు నిర్బంధమును మరల విధించిరి. పదునాఱేండ్లు చూచి, తీసిన చట్టమును తామే తిరిగి పెట్టుకొన్నారు. యంత్రమును మాత్రము తెచ్చి ఈ ఏర్పాటును ఓడరేవుననే వదలివచ్చు మన గుత్తదారులకు మైస్టరు చేతి గోడ యెట్లు వచ్చును?

నిర్బంధమునకు విరుద్ధముగ నొక వాదము కలదు. దానిని దాచుట న్యాయము కాదు. ఇంగ్లండులో పూతపనికి చట్టరీత్యా అనుమతిపత్రమేదియు అక్కఱలేదు; ఎవడైనను తాపీ పట్టవచ్చును. ఐనను పని సాగుచున్నది గదా యందురు. సాగుచున్నది, ఆ దేశమువారి ఫిర్యాదులును సాగుచున్నవి. కాని ఆ దేశమున పూతపనివారి శ్రేణికి 1501లోనే ఏడవ హెన్రీ రాజు సన్నదు నిచ్చియుండెను. ఆ సంఘము నేటికిని లండనులో జీవించియున్నది. వృత్తికళాశాలలలో పూతపని ప్రత్యేకముగ బోధింపబడుచున్నది. పెద్ద కట్టడముల యావరణలో నడుగు పెట్టుటకు చాలచోట్ల నైపుణ్యపత్రము చూపవలసియుండును. చట్టము లేనిచోట ఆచారమైన నుండవలెను. మనకు రెండును లేవు.

జపానును గూర్చి చెప్పనిచో ఈ వ్యాసము కుంటిదగును. అచట పూతపనివానిని "సకాను" అందురు. వెదురుదడి కట్టి, గడ్డి కలిపి మాగవేసిన మట్టితో ముతకపూత, అది ఆరిన పిమ్మట నడిమిపూత, దానిపై సన్నని తుదిపూత. ఒక్కొక్క పొర యారుటకు వారములు, కొన్నిచోట్ల నెలలు. సున్నపుపూతలో సముద్రపునాచు జిగురును జనుపనారను కలుపుదురు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క తాపీ. నిపుణుని సంచిలో పదులకొలది తాపీలుండును. హిమేజీ కోట తెల్లనిగోడలు ఆ చేతిపనియే. 2009 నుండి 2015 వరకు దానిని బాగుచేసినప్పుడు ఆ విద్యతోనే చేసిరి. కొయ్యకట్టడములను కాపాడు వారి వృత్తులను 2020లో యునెస్కో తన పట్టికలో చేర్చగా, అందు పూతపనియు నొకటి. ఆ దేశమునను ఈ వృత్తివారి సంఖ్య తగ్గుచున్నదనుట నిజమే, పలకల వెల్లువ వారిని విడువలేదు. ఐనను ఒక్క విషయము మా మనస్సును పట్టి విడువకున్నది. ఇరియే చోహాచి యను పూతపనివాడు 1815లో ఇజు ద్వీపకల్పమున మత్సుజాకి యను నూర జన్మించి, తాపీతో గోడలపై చిత్రములు తీర్చి, 1889లో మరణించెను. 1984లో ఆ యూరివారు అతని పేర నొక కళామందిరము కట్టిరి. ఒక తాపీపనివానికి కళామందిరము! పైగా గోరీల గచ్చుజాలీలు తీర్చినవాని పేరేమి? చార్మినారు మీనారులపై పూవులు పూయించిన వారిలో నొక్కని పేరైన పాఠకమహాశయులలో నెవరైన చెప్పగలరా? కట్టించిన నవాబుల పేర్లు బడిపిల్లలు వల్లించుచున్నారు. 2019 మే నెలలో చార్మినారు మీనారునుండి గచ్చుపెళ్ల యొకటి ఊడిపడినప్పుడు మాత్రము పత్రికలన్నిటికి గచ్చు జ్ఞాపకమువచ్చెను; దానిని పూసినవాడు అప్పుడును జ్ఞాపకమునకు రాలేదు.

ఇచటనే వ్యాధిమూలము. చేతితో పనిచేయువానిని హీనునిగా, కాగితముపై గీత గీయువానిని ఘనునిగా నెంచు కులాహంకారము మన యెముకలలో జీర్ణించియున్నది. మేస్త్రీ కుమారుడు మేస్త్రీ కాగూడదని మేస్త్రీయే కోరుకొనుచున్నాడు. అతనిని తప్పుపట్టుటకు మనకు నోరు లేదు. ఇంటికి వచ్చిన ఇంజనీరునకు కుర్చీ వేసి, మేస్త్రీకి వాకిటనే చెంబుతో నీళ్లిచ్చు గృహస్థు, తన గోడ పగిలినదని యేడ్చుట వింతగ లేదా?

ఆ మేస్త్రీయే గల్ఫుదేశమునకు పోవును. కరీంనగరు, జగిత్యాల, నిజామాబాదు మండలములనుండి, గోదావరిజిల్లాలనుండి, కడపనుండి, శ్రీకాకుళమునుండి పోయినవారు దుబాయి, దోహా నగరములలో గోడలు పూయుచున్నారు. ఇచట పనిరాదన్న చేతులకే అచట పని యెట్లు వచ్చినది? కొలతప్రకారము కలిపిన మాలు ముందుకు వచ్చును, పూత మందమును చూచువాడొక డుండును, తడిపిన దినములను లెక్కించువాడొక డుండును. ఆ దేశములు స్వర్గములని మేము చెప్పము. యజమాని చేతిలో అనుమతిపత్రము చిక్కి విలవిలలాడిన తెలుగుబిడ్డల గోడు వినని పల్లె ఆ జిల్లాలలో లేదు. వేసవిమధ్యాహ్నమున, జూను 15 మొదలు సెప్టెంబరు 15 వరకు, పండ్రెండున్నర మొదలు మూడుగంటలవరకు ఆరుబయట పనిచేయింపరాదని ఎమిరేటులలో నియమము పెట్టవలసివచ్చిన దనగా, ఆ యెండ యెట్టిదో యూహింపుడు. (మన నంద్యాల, రామగుండముల మేనెల యెండకు ఏ నియమమున్నదని యెవరైన నడిగిన మేమేమి చెప్పుదుము?) మా వాద మింతమాత్రమే. చేయి యొక్కటియే, ఏర్పాటు మాఱగా గోడ మాఱినది. అంతటి పనివాడు తిరిగివచ్చి విమానము దిగునప్పటికి, అతని నైపుణ్యమును నిరూపించు కాగిత మొక్కటియు చేత లేదు. మరల చదరపు అడుగు గుత్తకే తల యొగ్గును.

స్త్రీల మాట వేఱు. మన కట్టడములయొద్ద ఇసుక జల్లించునది స్త్రీ, మాలు కలుపునది స్త్రీ, తట్ట నెత్తిన బెట్టుకొని పరంజా యెక్కునది స్త్రీ. ఇరువదియేండ్లు మాలు మోసిన స్త్రీకి ఆ మాలు పాకము తెలిసినంత ఏ కుఱ్ఱ ఇంజనీరునకు తెలియును? ఐనను ఆమె చేతికి తాపీ రాదు, పురుషునితో సమానమైన కూలి రాదు. సమానవేతన చట్టము 1976లోనే వచ్చినది సుమా! ఝార్ఖండు రాష్ట్రమున మరుగుదొడ్లు కట్టు ఉద్యమములో స్త్రీలకు తాపీపని నేర్పి "రాణీ మిస్త్రీ" లని పిలిచిరి. ఝార్ఖండు పల్లెస్త్రీలకు చేతనైనది మన పాలమూరు స్త్రీకి, మన శ్రీకాకుళపు స్త్రీకి చేతగాదా?

డబ్బు లేదను సాకు చెల్లదు. నిర్మాణకార్మికుల సంక్షేమమునకై 1996లో చేసిన శాసనముల ప్రకారము కట్టడపువ్యయముపై నూటికి ఒకటి చొప్పున సుంకము వసూలగుచు వచ్చినది. 2020 నాటి నూతనసంహితలలోను ఆ సుంకమునకు చోటిచ్చిరి. వసూలైన సొమ్ములో వేలకోట్ల రూపాయలు ఖర్చుగాక మూలుగుచున్నవని 2018లో సర్వోన్నత న్యాయస్థానమే ప్రభుత్వములను తీవ్రముగ మందలించెను. కార్మికుని గోడమీద వసూలైన రూపాయి కార్మికునకు చేరక బ్యాంకులో నిద్రించుచుండగా, అతనికి పని రాదని నిందించుట యే ధర్మశాస్త్రమున నున్నది? ప్రభుత్వ పారిశ్రామిక శిక్షణాలయములలో తాపీపనికి ఒక యేడాది పాఠక్రమ మున్నది. దానిలో ఇటుకపని, కట్టుబడి, పూత అన్నియు నొక్క మూటగ గట్టబడినవి. పూర్వానుభవమును గుర్తించు పథకము 2015 నుండి యున్నది. కొద్దిగంటల బోధ, ఒక పరీక్ష, ఒక కాగితము. కాగితము మంచిదే. మూడేండ్ల శిష్యరికమునకు కొద్దిగంటలు బదులగునా?

ఆ సుంకపుసొమ్ముతో, జీతమిచ్చు మూడేండ్ల శిష్యరికమును పూతపనికి ప్రత్యేకముగ నేర్పరుపవలెను. అందు సిమెంటుతోపాటు జిప్సమును, గానుగసున్నమును నేర్పవలెను. గోలకొండలో సున్నము పూసిన చేతు లింకను మన నడుమనే యున్నవి. వారిని ఉపాధ్యాయులుగ నియమింపవలెను, పట్టము లేదని గుమ్మమునుండి త్రిప్పిపంపరాదు. సీట్లలో సగము స్త్రీలకు. గల్ఫునుండి వచ్చినవానికి అచటి యనుభవమును లెక్కించి పరీక్ష పెట్టి పత్ర మీయవలెను. పురపాలక సంఘమున ఇంటిపటమునకు అనుమతి యిచ్చునప్పుడు ఇంజనీరు పేరుతోపాటు పూతపని మేస్త్రీ పేరును వ్రాయించి, ఇసుక, మాలు, మందము, తడుపు దినములు ఆ పత్రముననే చేర్పవలెను. చేసినవాని పేరు కాగితముమీద నుండెనా, నింద యెవరికి చెందవలెనో, కీర్తి యెవరికి చెందవలెనో అదియే తేల్చును.

గుత్తదారులు దీని కొప్పుకొనరని మేమెఱుగుదుము; వ్యయము పెరుగునని మొఱపెట్టుదురు. పెరుగును. పగిలిన గోడను చెక్కి రెండవమారు పూయించుకొను వ్యయమును నేడు గృహస్థు మోయుచున్నాడు. దానిని వారి లెక్కలో చేర్చి చూపింపుమని వారి నడుగుడు. రాబోవు బడ్జెటు సమావేశములకు ముందు ఇరురాష్ట్రముల శాసనసభ్యులు తమ తమ పట్టణములకు వత్తురు. పఠనమందిరములలో ఈ పత్రికను చదువువారు వారిని మూడు ప్రశ్నలు వేయవలెనని మా ప్రార్థన. మీ జిల్లాలో నిర్మాణసుంకము క్రింద నిరుడు వసూలైన దెంత? అందు తాపీపని నేర్పుటకు వ్యయించిన దెంత? ఆ శిక్షణాలయమున తాపీ పట్టిన స్త్రీ లెందఱు?